బహుమార్గ వార్తావాహకములందు మాటల కలగలుపు – నివారణోపాయములు

టెలిఫోనున ఒకరితో మాటలాడుచుండగా అపరిచితుల సంభాషణ సన్నగా వినబడుట తీగల టెలిఫోను వాడినవారు పలువురు ఎరిగినదే. దీనిని ఇంజనీర్లు క్రాస్‌టాక్ అందురు. వట్టి రొద విసుగు మాత్రమే పుట్టించును. అర్థమగు పరాయి మాట వినబడినచో, తన మాటయు ఇతరులు వినుచున్నారను శంక కలుగును. కావున ఇది స్పష్టతకే గాక గోప్యతకును సంబంధించిన లోపము.

తీగలో ప్రవాహము మారునపుడు దాని చుట్టునుండు విద్యుత్, అయస్కాంత క్షేత్రములును మారి, ప్రక్క తీగలో స్వల్ప విద్యుత్తును ప్రేరేపించును. తొలి టెలిఫోను మార్గములందు తీగ యొక్కటియే యుండి, భూమియే తిరుగుదారి యగుటచే ఈ బాధ మిక్కుటముగ నుండెను.

రెండు తీగలను జతచేసి పెనవేయు పద్ధతికి 1881లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంటు పొందెను. మాటను మోయునది రెండు తీగల మధ్యనుండు భేదము. పెనవేసినపుడు రెండును వంతులవారీగ పొరుగు జంటకు చేరువగుటచే, ప్రేరణ రెండింటను సమమై, భేదమున కానరాదు. స్తంభములపై సాగు తీగలను పెనవేయుటకు బదులుగ, నియత దూరములందు వాని స్థానములను తారుమారు చేసిరి. అయితే కేబులులోని జంటలన్నిటికిని ఒకే కొలత పురి యున్నచో ఫలము చెడును. ఏలయన ఒక తీగ ప్రక్కజంటలోని ఒకే తీగకు ఎల్లపుడును చేరువగ నుండవచ్చును. అందుచే పురి కొలతలను వేరుచేయుదురు. నేటి కంప్యూటరు కేబులు విప్పినను నాలుగు జంటల పురులందు ఈ భేదము కాననగును.

ఒకే జంటపై పలు సంభాషణలు పంపునపుడు చిక్కు వేరు. ఒక్కొక్క మార్గమునకు 4 కిలోహెర్ట్‌జుల వెడల్పు నిచ్చి, మాటకు 300 నుండి 3,400 హెర్ట్‌జుల మేర వాడి, మిగిలినది పొలము గట్టువలె విడుతురు. ఇట్టి 12 మార్గములు 60 నుండి 108 కిలోహెర్ట్‌జులలో ఇముడును. ఫిల్టర్లు వానిని వేరుచేయును. కాని ఆంప్లిఫయరు సంకేతమును వికృతపరచినచో, ఒక మార్గపు మాట వేరొక దానిలో పడును. దీనికి హెరాల్డ్ బ్లాక్ 1927లో ఉపాయము కనుగొనెను: వెలువడిన సంకేతములో కొంత భాగమును విలోమముగ మొదటికి చేర్చినచో, వికృతి తగ్గును.

ఇంటర్నెట్టును మోయు పాత రాగి కేబులులకును ఇట్టి సూత్రమే అక్కరకు వచ్చినది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 2010లో ఆమోదించిన జి.993.5 ప్రమాణము ననుసరించి, జంటల పరస్పర ప్రభావమును కొలిచి, దానిని రద్దుచేయు విరుద్ధ సంకేతమును ముందుగనే కలిపి పంపుదురు. అయితే కేబులులోని జంటలన్నియు ఒకే లెక్కకు లోబడినపుడే ఇది పూర్తిగ ఫలించును. లెక్కకు వెలియైన జంట యొక్కటి యున్నను, దాని చొరబాటు మిగిలియే యుండును.