పూడ్పించిన పన్ను మరల నొచ్చినచో

పిప్పిపన్ను పూడ్పించుకొని ఇల్లు చేరిన మరునాడు చల్లని అంబలి త్రాగగానే పన్ను జివ్వుమనినచో, వైద్యుడు పన్ను చెడగొట్టినాడని మన రైతు తలంచును. పిమ్మట పన్ను పీకించుకొనుటయో, మందుల అంగడిలో నొప్పి బిళ్లలు కొని వారములకొలది మ్రింగుటయో జరుగును. రెండును తొందరపాటే. ఉద్దానపు సభ్యులకు రెండవది మిక్కిలి హానికరము. ఆ సంగతి ముందు చెప్పెదము.

పంటి పైపెంకు క్రింది పొరలో కంటి కగపడని సన్నని గొట్టములు వేలకొలది కలవు. వానిలోని ద్రవము చల్లదనము తగిలినంతనే కదలి లోపలి నరమును రేపును. పుచ్చు లోతైనకొలది తొలుచుట నరమునకు సమీపించును. పంటిరంగు సిమెంటు గట్టిపడునపుడు కొంచెము కుదించుకొనును. వెండిరంగుది లోహమగుటచే చల్లదనమును వేగముగా లోనికి చేర్చును. ఇట్టి నొప్పి కొన్ని క్షణములుండి పోవును. సాధారణముగా రెండు మొదలు నాలుగు వారములలో సమసిపోవును. అంతవరకు చల్లనివి, పుల్లనివి మాని, రెండవ ప్రక్క నమలుచు, గోరువెచ్చని ఉప్పునీరు పుక్కిలించిన చాలును.

నమలునపుడు మాత్రమే నొచ్చుచున్నచో పూడిక ఎత్తుగా నున్నదేమో యని శంకింపవలెను. బండిచక్రపు పట్టాలో ఒక మేకుతల పైకి లేచినచో ప్రతి చుట్టునకు బరువంతయు దానిమీదనే పడును గదా! సూదిమందుతో మొద్దుబారిన నోటితో కరచి చూపినపుడు ఆ యెత్తు మనకు తెలియదు. వైద్యుడు కొంచెము అరుగదీసిన చాలును. కొద్ది నిమిషముల పని. దీనికై పన్ను పీకించుకొన్నవారిని తలచిన జాలి కలుగును.

వేడి తగిలిన పిదప చాలసేపు సలుపుట, రాత్రి తనంతట తానే నొప్పి లేచి నిద్ర చెడుట, ఇవి వేరు జాతివి. నరము చచ్చుచున్నదని వాని అర్థము. అప్పుడు రూట్ కెనాల్ చికిత్సయో, పన్ను తీయించుటయో తప్పదు. దవడ వాచి జ్వరము వచ్చినను, నోరు తెరువరాకున్నను, మ్రింగుడు పడకున్నను ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

ఇక బిళ్లల మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండవ్యాధి యెంతగా వ్యాపించినదో చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసయందు దానికై 200 పడకల ఆసుపత్రి వెలసినది. ఆ వ్యాధికి మూలమేదో ఇంకను తేలలేదు. అయినను ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి బిళ్లలు దెబ్బతిన్న మూత్రపిండములను మరింత చెరచునన్నది నిశ్చయము. ఎండలో చెమటోడ్చి, దాహము తీరకమునుపే వానిని మ్రింగుట మరియు చెడ్డది. నొప్పి ఓర్వరానిచో వైద్యుని యడిగి పారాసెటమాలు మోతాదు మించక వాడవచ్చును.

లవంగనూనె చుక్క తాత్కాలికముగా ఉపశమించును గాని అధికమైనచో చిగురు కాలును. నొప్పికి పొగాకు మంచిదను మాట వట్టిది. మన తీరగ్రామముల స్త్రీలు కొందరు త్రాగు అడ్డపొగ అంగిటికి కేన్సరు తెచ్చుట వైద్యు లెరిగినదే.

మరల వైద్యుని కడకు పోవునపుడు నొప్పి ఎన్నాళ్లనుండి, చల్లనికా, వేడికా, నమలినపుడా యని చెప్పవలెను. మూత్రపిండముల పరీక్షల కాగితములున్నచో అడుగకున్నను ముందుగా చూపవలెను.