వార్తల్లో పదం: యూఐఎన్

డ్రోన్ల స్వాధీనం, అనుమతి లేకుండా ఎగరేయడం గురించిన వార్తల్లో కనిపించే పదం యూఐఎన్. ప్రతి డ్రోన్‌కూ ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య ఇది. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం యజమాని ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో వివరాలు నమోదు చేసి దీన్ని పొందాలి. డ్రోన్ ఎవరిదో ఈ సంఖ్య చెబుతుంది. ఎక్కడ ఎగరేయవచ్చో తేల్చేది మాత్రం గగనతల పటం. ఆకుపచ్చ ప్రాంతంలో సాధారణంగా 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. పసుపులో వైమానిక నియంత్రణ అధికారుల అనుమతి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ తెలుగు కుటుంబాలకు ఈ తేడా తెలియాలి. ఊరికి దగ్గర్లోనే కలైకుండ వైమానిక స్థావరం ఉంది కాబట్టి పెళ్ళి వీడియో తీయాలన్నా ముందు పటం చూడాల్సిందే. అమెరికా నుంచి వచ్చే పిల్లలు అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వద్ద చేయించిన నమోదు ఇక్కడ చెల్లదు. పైగా పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్రం నిషేధించింది. ఇక్కడి నుంచి వెళ్ళేవారికీ మన యూఐఎన్ సరిపోదు. అమెరికాలో 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను అక్కడే నమోదు చేయించాలి. ఐరోపా సమాఖ్యలో మాత్రం ఒక సభ్యదేశంలో చేసుకున్న నమోదు మిగతా సభ్యదేశాల్లోనూ చెల్లుతుంది.

సరదాకు ఎగరేసే చిన్న డ్రోన్‌కు ఇంత తతంగమా అనే అభ్యంతరం సహజమే. అందుకే 2 కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా వాడేవారికి పైలట్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. కానీ విమానానికి అడ్డొస్తే చిన్న డ్రోన్ కూడా ప్రమాదమే. కాబట్టి సంఖ్య ఉన్నా, ఏ దేశంలోనైనా అక్కడి గగనతల నియమాలు చూశాకే ఎగరేయాలి.