మొద్దు చైన్‌తో రంపం నడుపుతున్నారా? ముందు ఇది వినండి

ఇవాళ చెట్లు కోసే చైన్ రంపం గురించి, అందులోనూ చైన్‌కి పదును పెట్టడం గురించి మాట్లాడుకుందాం. "పదును ఎక్కువైతే ప్రమాదం కదన్నా" అని చాలామంది అంటుంటారు. నిజానికి ఎక్కువ భయపడాల్సింది మొద్దుబారిన చైన్‌కే. ఎందుకో నా అనుభవమే చెప్తా.

ఒకసారి గాలివానకి మా దొడ్లో వేపచెట్టు పడిపోయింది. రంపం పట్టుకుని నేనే దిగాను. కాసేపటికి చెక్క తెగడం మానేసి పొగ రావడం మొదలైంది. అప్పుడే ఆపి చూడాలి. చూడలేదు. బలమంతా పెట్టి నొక్కాను. బార్ జారి, దాని ముక్కు పక్కనున్న కొమ్మకి తగిలింది. అంతే, రంపం ఒక్కసారిగా నా మొహం మీదకి లేచింది. చైన్ బ్రేక్ పడబట్టి సరిపోయింది.

దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. చైన్ తిరుగుతుండగా బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే ఇది జరుగుతుంది. పదునున్న చైన్‌తో కూడా జరగొచ్చు. కానీ మొద్దు చైన్‌తో మనం నొక్కుతాం, అలిసిపోతాం, పట్టు తప్పుతాం. అదీ తేడా.

మొద్దుబారిందని ఎలా తెలుస్తుంది? కింద పడే పొట్టు చూడండి. చిన్న చిన్న పేళ్లుగా వస్తే చైన్ బాగున్నట్టు. పిండిలా రాలుతుంటే పదును పోయినట్టే. కోత ఒక పక్కకి లాగుతుంటే రెండు వైపుల పళ్లూ సమానంగా లేవని అనుమానించాలి.

ఇప్పుడు పదును పెడదాం. ముందు ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. స్పార్క్ ప్లగ్ క్యాప్ తీసేయండి. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ బయటికి తీయండి. చేతికి గ్లవ్స్ వేసుకుని, బార్‌ని వైస్‌లో బిగించండి.

వాడాల్సింది గుండ్రటి ఆకురాయి. సైజు చైన్‌ని బట్టి ఉంటుంది. చిన్న మిషన్లకి వచ్చే 3/8 లో ప్రొఫైల్ చైన్‌కి మామూలుగా 4 మి.మీ., 0.325 పిచ్ చైన్‌కి 4.8 మి.మీ. మీ చైన్‌కి ఏదో మాన్యువల్‌లో చూసుకోండి.

అన్నిటికన్నా పొట్టి పన్ను వెతికి మార్కర్‌తో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి మొదలెట్టాలి, మిగతావన్నీ దాని పొడవుకే రావాలి. చాలా చైన్లకి కోణం 30 డిగ్రీలు. పన్ను లోపలి నుంచి బయటికి మాత్రమే తోయండి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయిని పైకి ఎత్తేయాలి, ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. ఒక్కో పంటికి మూడు తోపులు అనుకుంటే అన్నిటికీ మూడే. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక రెండో వైపు.

ప్రతి పన్ను ముందు చిన్న బొడిపె ఉంటుంది, దాన్నే డెప్త్ గేజ్ అంటారు. పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయించేది అదే. పన్ను అరిగేకొద్దీ దీన్నీ కొంచెం తగ్గించాలి. చాలా చైన్లకి తేడా 0.65 మి.మీ. ఉంటే చాలు. కంటి అంచనాతో వద్దు, గేజ్ పెట్టి చదును ఆకురాయితో తీయండి. ఎక్కువ తీసేస్తే పన్ను లోతుగా కొరికి, కిక్‌బ్యాక్ ప్రమాదం పెరుగుతుంది.

తర్వాత చైన్ బిగువు. చైన్ బార్ అడుగుకి ఆనుకుని ఉండాలి, బ్రేక్ వదిలి గ్లవ్స్ చేత్తో లాగితే సులువుగా తిరగాలి. వేడి మీద బిగించి ఉంటే పని అయ్యాక వదులు చేయండి, చల్లారితే చైన్ కుదించుకుపోతుంది. పెట్రోల్ పోసిన ప్రతిసారీ చైన్ ఆయిల్ కూడా నింపండి. పన్ను మీద అరుగుదల గీత దాకా వచ్చినా, ఎక్కడైనా బీట కనిపించినా పదును పెట్టడం ఆపి చైన్ మార్చేయండి.

ఇంకొక్క మాట. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఈ వీడియో చూస్తూ, ఇంకో చేత్తో ఆకురాయి పట్టొద్దు. ముందు పూర్తిగా చూడండి, ఫోన్ పక్కన పెట్టి పని మొదలెట్టండి. ఆ రోజు నేను ఐదు నిమిషాలు ఆగలేక నొక్కాను. మీరు మాత్రం ఆగండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.