వర్తకుని మూగబాధ

వాన కురియనిచో ఊరంతయు ఆకాశమువంక చూచును. చేను ఎండినచో దారిన పోవు బాటసారికిని కనబడును. కావుననే రైతు దుఃఖము దాగునది కాదు. దానికి పత్రికలయందును శాసనసభలయందును ఏదో యొక విధముగా నోరు లభించినది. వర్తకుని దుఃఖ మట్టిది కాదు. ఉదయమున దుకాణము యథాప్రకారము తెరవబడుచునే యుండును. గల్లాపెట్టెకు పసుపుకుంకుమలు అద్దబడుచునే యుండును. సావుకారు చిరునవ్వుతో బేరము సాగించుచునే యుండును. లోపల నేమి కాలుచున్నదో ఇరుగుపొరుగులకు తెలియదు. పెక్కుచోట్ల ఇంటి ఇల్లాలికిని తెలియదు.

ఇది మా యూహ కాదు. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించిన లెక్కలను చూడుడు. 2019లో ఈ దేశమున ప్రాణములు తీసికొనిన వ్యాపారులు 9,052 మంది. 2020లో ఆ సంఖ్య 11,716కు పెరిగినది. ఆ సంవత్సరము వ్యవసాయరంగమున అట్లు మరణించినవారు 10,677 మంది. 2021లో వ్యాపారులు 12,055 మంది, వ్యవసాయరంగమువారు 10,881 మంది. రెండు గాయములను త్రాసులో నిడి తూచుట మా యుద్దేశము కాదు. ఒక గాయమును మనము చూచితిమి. రెండవదానిని చూడకయే యుంటిమి. అంతియే మా మనవి.

ఈ విషయమును ఎక్కడనో దూరముననున్న మహానగరములయందు వెదకనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల వంక చూచిన చాలును. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడినది. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టభూములు మాగాణులైనవి. వరి పెరిగినకొలది బియ్యపు మిల్లులు పెరిగినవి. నేడు మిర్యాలగూడ దేశమున పేరెన్నికగన్న బియ్యపు మిల్లుల కేంద్రము. హైదరాబాదు విజయవాడల నడుమ రాజమార్గముపై సూర్యాపేట పెద్ద మార్కెటుగాను, కోదాడ సరిహద్దు పట్టణముగాను వర్ధిల్లినవి. సిరి కనులకు కనబడుచున్నది. ఆ సిరి యెంత సన్నని దారముపై వ్రేలాడుచున్నదో కనబడదు.

మిర్యాలగూడలో నొక మిల్లు యజమానిని తలచుకొందము. కోతలు మొదలైన పదిదినములలో ధాన్యము ట్రాక్టర్ల వరుసలై గేటు ముందు నిలుచును. పదునేడు శాతమునకు మించి తేమ యున్నచో ఆరబెట్టవలెను. ఆరకముందే వాన వచ్చినచో గింజ మొలకెత్తును. ప్రభుత్వము మరపట్టుటకై యిచ్చిన ధాన్యమైనచో క్వింటాలుకు పచ్చిబియ్యము 67 కిలోలు, ఉప్పుడుబియ్యము 68 కిలోలు తిరిగి అప్పగింపవలెను. యాసంగి పంట ఎండవేడిమికి పగుళ్లువారి యుండును. దానిని పచ్చిబియ్యముగా ఆడించినచో నూకలెక్కువగును. అందువలననే ఈ ప్రాంతమున ఉడికించి ఆడించు పద్ధతి పాదుకొన్నది. ఆ యంత్రములకై బ్యాంకునుండి అప్పు తెచ్చిన పిమ్మట, ఇకమీదట ఉప్పుడుబియ్యము తీసికొనబోమని 2021లో కేంద్రము చెప్పినది. ఆ వివాదము 2022 ఏప్రిల్ వరకు సాగినది. 2022 సెప్టెంబరులో నూకల యెగుమతి నిషేధింపబడెను. 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యపు టెగుమతి నిలిపివేయబడెను. ఆగస్టులో ఉప్పుడుబియ్యముపై నూటికి ఇరువది వంతుల సుంకము పడెను. తెల్లబియ్యముపై నిషేధమును, ఉప్పుడుబియ్యముపై సుంకమును 2024 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో గాని తొలగలేదు.

ఈ యాజ్ఞలలో దేని మంచిచెడ్డల నైనను ఇచ్చట విచారించుట లేదు. దేశమున బియ్యము ధర పెరుగకుండ చూచుట ప్రభుత్వ ధర్మమే. మేము చెప్పునది వేరు. ఒక మనుష్యుడు రాత్రి పరుండునప్పటికి తన గోదాములోని సరకునకు ఒక విలువ. తెల్లవారునప్పటికి మరియొక విలువ. వడ్డీ మాత్రము రాత్రియని పగలని యెరుగదు. హమాలీల కూలి ఆగదు. కరెంటు బిల్లు ఆగదు. ఇట్టి రాత్రులు సంవత్సరముల తరబడి గడపువాని నిద్ర యేమగును? గుండె యేమగును?

సూర్యాపేట మార్కెటులోని అడ్తిదారు సంగతి మరియొక విధము. అతడు రైతునకును కొనుగోలుదారునకును నడుమ నిలుచువాడు. విత్తుల కాలమున రైతునకు చేబదులు ఇచ్చును. పంట వచ్చిననాడు దడ్వాయి తూచిన పిమ్మట తక్‌పట్టీ వ్రాసి సొమ్ము చేతబెట్టవలెను. మిల్లువాని యొద్దనుండి తనకు రావలసినది వారములు గడచిన గాని రాదు. ఇచ్చునది నేడు, వచ్చునది ఎన్నడో. ఈ రెంటి నడుమనున్న దినములే యతని నరకము. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెటు పరిసరము కరోనా వ్యాధికి నెలవై మూతపడినప్పుడు, అక్కడి చిన్నవర్తకులు బేరమును పోగొట్టుకొనుటయే గాక, రోగమును పంచినవారను నిందను గూడ మోసిరి. కోల్పోయిన సరకును లెక్కగట్టవచ్చును. ఆ నిందను ఏ పద్దులో వ్రాయవలెను?

కోదాడ దుకాణదారుడు రెండు రాష్ట్రముల వాకిట నున్నవాడు. 2014లో రాష్ట్రము రెండైనది. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దైనవి. 2017 జూలై 1న కొత్త పన్ను వచ్చినది. 2020లో సరిహద్దు మూతపడినది. ఆరేండ్లలో నాలుగుమారులు అతని వ్యాపారపు నడక మారినది. దీనికితోడు ఉద్దెర. పల్లెటూరి కొనుగోలుదారుడు పంట వచ్చిన పిమ్మట ఇత్తునని ఎరువులు, బట్టలు, సిమెంటు పట్టుకొనిపోవును. అడిగినచో బేరము పోవును. అడుగనిచో దుకాణము పోవును.

కష్టము ప్రతి వృత్తియందును కలదు. వర్తకునిదే విశేషమేమని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు మన భాషయే సమాధానము చెప్పుచున్నది. తెలుగున పరపతి యనగా గౌరవము; పరపతి యనగా అప్పు పుట్టుటయు. రెండింటికిని ఒకటే మాట. వర్తకుని మూలధనము పెట్టెలోని రొక్కము కాదు, ఊరివారి నమ్మకము. ఆ నమ్మకమున్నంత కాలము పదిమంది సొమ్ము అతని చేత తిరుగుచుండును. “ఫలానావాని పని కొంచెము సడలినదట” యను నొక్క మాట టీదుకాణమున పుట్టినచో, సాయంత్రమునకు ప్రామిసరీ నోట్లు పట్టుకొని పదిమంది గుమ్మము ముందు నిలుచుందురు. ఒక్కొక్కరుగా వచ్చినచో తీర్చగలిగినవాడు, అందరు నొక్కమారు వచ్చుటచే నిలువున కూలును.

అందుచేత వర్తకునకు తన కష్టము చెప్పుకొనుటయే నష్టము. రోగి తన నొప్పిని చెప్పిన వైద్యము దొరకును. రైతు చెప్పిన కొంత జాలియైన దొరకును. వర్తకుడు చెప్పినచో ఉన్నదియు ఊడిపోవును. కావున అతడు దాచును. దాచుటకై క్రొత్త అప్పుతో పాత అప్పు తీర్చును. పరువు నిలుపుటకై కూతురి పెండ్లి శక్తికి మించి చేయును. దీపావళినాడు లక్ష్మీపూజ చేసి క్రొత్త ఖాతాపుస్తకము తెరచి, పాతబాకీలను దించుకొనుచు చేతి వణకును బిడ్డలకు కనబడనీయడు. మెల్లగా నిద్ర చెడును, ఆకలి చెడును, కోపము పెరుగును, కొందరు మద్యమును ఆశ్రయింతురు. ఇంటివారు దానిని గర్వమనియో చెడుసహవాసమనియో తలంతురు. అప్పుకంటె అప్పును దాచుటయే మనుష్యుని ముందుగా చంపుచున్నదని మా నిశ్చితాభిప్రాయము.

ఇక ఐ.పి. యను రెండక్షరముల సంగతి. “వాడు ఐ.పి. పెట్టినాడు” అనుట మన పట్టణములలో దొంగ యనుటతో సమానమైనది. ఇది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము క్రింద దాఖలుచేయు దివాలా అర్జీ. ఆ చట్టపు భావ మేమి? తీర్చలేని ఋణగ్రస్తుడు తన యాస్తిని న్యాయస్థానమునకు ఒప్పగింపవలెను. దానిని ఋణదాతలకు న్యాయముగా పంచవలెను. మోసము చేయనివానికి తుదకు ఋణవిముక్తి కలుగవలెను. అర్జీకి ముందు రెండేండ్లలో చేసిన బూటకపు ఆస్తిబదిలీలను రద్దుచేయు మార్గమును అందే కలదు. విదేశీయుల పాలనలో పుట్టిన చట్టమైనను, నిజాయితీగా ఓడినవానికి రెండవ జీవితము ఈయవలయునను ధర్మమును అది గుర్తించినది. మనమో, ఆ ధర్మమును తిట్టుగా మార్చుకొంటిమి. 2016లో క్రొత్త దివాలా స్మృతి వచ్చినది గాని, వ్యక్తులకు సంబంధించిన భాగము 2019 డిసెంబరునుండి కంపెనీల యప్పులకు హామీపడినవారికి మాత్రమే అమలైనది. వీధిలోని చిన్న వర్తకునకు నేటికిని నూరేండ్లు దాటిన పాతచట్టమే దిక్కు.

ఇందుకు వర్తకులును బాధ్యులు కారా యని అడుగువారు కలరు. తప్పక బాధ్యులే. బావమరదుల పేర ఆస్తి వ్రాసి, పేదల డిపాజిట్లు మ్రింగి, రాత్రికిరాత్రి ఊరు విడిచినవారిని ఈ జిల్లాలవారు ఎరుగకపోలేదు. అట్టివారి మూలమున పంట సొమ్ము పోయిన రైతు, జీతము రాని గుమాస్తా, కూలి యెగిరిపోయిన హమాలీ అనుభవించిన వ్యథ వర్తకుని వ్యథకంటె తక్కువది కాదు. అధికవడ్డీలతో రైతును పీల్చినవారిని సమర్థించుటకు ఈ కలము ఎత్తలేదు. కాని మోసమునకును దురదృష్టమునకును భేదము చూపలేని లోకమున, మోసగాడు పారిపోవును; మానవంతుడు ప్రాణము విడుచును. నింద యెవనికి తగులవలెనో వానికి తగులుట లేదు.

కర్తవ్య మేమి? మొదటిది ఇంటినుండియే ఆరంభింపవలెను. చిట్టా ఆవర్జాలు ఇల్లాలికి తెలియని ఇంట నౌక మునుగునప్పుడు మేల్కొలుపువారుండరు. నెలకొకమారు భార్యతోను, ఎదిగిన బిడ్డలతోను లెక్కలు చూచుకొనుట అవమానము కాదు, కావలి. కష్టము తెలిసిన కుటుంబము ఖర్చును తానే తగ్గించుకొనును.

రెండవది వర్తకసంఘములది. మిల్లర్లకును, అడ్తిదారులకును, బట్టల వర్తకులకును మన పట్టణములలో సంఘములు గలవు. అవి పన్నుల కొరకు, రేట్ల కొరకు బందులు చేయుచున్నవి, మంచిదే. దానితోపాటు, కష్టమున నున్న సభ్యుడు గుట్టుగా వచ్చి చెప్పుకొనుటకు ముగ్గురు పెద్దలను ఏర్పరుపరాదా? వారు ఋణదాతలను ఒకచోట కూర్చుండబెట్టి గడువులు కుదిర్చినచో, వందమందికి కలుగు నష్టము పదిమందితో ఆగిపోవును.

మూడవది మా పాఠకులకు. మీలో పెక్కురు వర్తకులయొద్ద సొమ్ము వడ్డీకి ఉంచినవారే. మీ సొమ్ము మీరడుగుట మీ హక్కు. కాని వదంతి విని వీధినబడి కేకలు వేయుటచే సొమ్ము తిరిగిరాదు. లెక్కలు చూపుమని అడుగుడు, వాయిదాలు వ్రాయించుకొనుడు, మోసము కనబడినచో న్యాయస్థానమునకు పొండు. మనుష్యుని గుమ్మమున నిలిచి అతని పిల్లల యెదుట తిట్టుట మాత్రము ఋణవసూలు కాదు.

నాలుగవది వైద్యము. నిద్రపట్టకుండుట, దేనియందును ఆశ లేకుండుట మనోదౌర్బల్యము కాదు, వ్యాధి. దానికి చికిత్స కలదు. 2019లో సూర్యాపేటయందును నల్గొండయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. మనోవ్యాధుల వైద్యునికొరకు హైదరాబాదు పోలేనివారు అచ్చటి ఆసుపత్రులలో విచారింపవచ్చును. ఆసుపత్రికి పోవుటకును బిడియపడువారు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అను ఈ సహాయము రాత్రింబవళ్లు, తెలుగునందును, ఉచితముగా దొరకును. ప్రాణము తీసికొన యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడికి లోనైనవాడే యని భావించి, అతనిని శిక్షింపక ఆదుకొనవలయునని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్పుచున్నది. చట్టమునకు గల కనికరము ఇరుగుపొరుగులకు లేకపోరాదు.

మన యిండ్లలో దీపము ఆరినదని యెవరు ననరు, దీపము కొండెక్కినదందురు. మరల వెలిగింతుమను నమ్మకము ఆ మాటలో కలదు. వ్యాపారము చెడిన ఇంటినిగూర్చి మాటలాడునప్పుడును ఆ మర్యాద పాటింతము. దుకాణము మూతపడవచ్చును, మిల్లు వేలమునకు పోవచ్చును, ఇవి నష్టములే గాని మరణములు కావు. ఓడిన వర్తకుడు మరునాడుదయమున తలయెత్తి బజారున నడువగలిగిన నాడే మన పట్టణములు నిజముగా సంపన్నములు. ఆనాటివరకు, గల్లాపెట్టె వెనుక కూర్చున్నవానిని ధర మాత్రమే అడిగి వెళ్లిపోక, “బాగున్నారా?” యని యొక్కమారు అడిగి, జవాబు వినువరకు నిలుచుందము.