ఖాళీ లిస్ట్ అంటే అంతా బాగుందని కాదు

మా ప్రాజెక్ట్ డేటాబేస్‌కి రోజూ రాత్రి 2 గంటలకి బ్యాకప్ తీసే స్క్రిప్ట్ ఒకటి పెట్టుకున్నాం. అది నడిచిందో లేదో పొద్దున్నే లాగిన్ అయి చూడాలంటే బద్ధకం. ఆ పని ఏఐ ఏజెంట్‌కి అప్పగిద్దామని, జాబ్ హిస్టరీ చూపించే చిన్న టూల్ రాశాను. "ఈ వారం బ్యాకప్ ఏమైనా ఫెయిల్ అయిందా?" అని అడిగితే, "లేదు, ఫెయిల్యూర్స్ ఏమీ లేవు" అంది. నిజమే, ఒక్కటి కూడా లేదు. ఎందుకంటే నాలుగు రోజులుగా బ్యాకప్ అసలు నడవనే లేదు!

తప్పు ఏజెంట్‌ది అనుకున్నా. తీరా చూస్తే నేను రాసిన డాక్యుమెంటేషన్‌ది.

ముందు క్రాన్ సంగతి చూద్దాం. ఫలానా టైమ్‌కి ఫలానా కమాండ్ నడిపే ఈ ప్రోగ్రామ్ 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. దాని పని కమాండ్‌ని టైమ్‌కి మొదలుపెట్టడం వరకే. మొదలైనట్టు లాగ్‌లో ఒక లైన్ రాస్తుంది, అవుట్‌పుట్ ఉంటే మెయిల్ పంపడానికి చూస్తుంది. ఆ టైమ్‌కి మెషీన్ ఆఫ్‌లో ఉంటే, తర్వాత ఆన్ చేసినా తప్పిపోయిన జాబ్‌ని మళ్లీ నడపదు. మాకు జరిగింది అదే. రాత్రిళ్లు ల్యాబ్‌లో మెయిన్ ఆపేస్తున్నారు. నడవని జాబ్‌కి రికార్డ్ ఉండదు, రికార్డ్ లేకపోతే ఫెయిల్యూర్ కూడా కనపడదు.

ఇది మన స్టూడెంట్ ప్రాజెక్టుల్లోనే జరిగేది కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున మెయిన్ డేటాబేస్ డేటాని డిలీట్ చేశాడు. బ్యాకప్ ఉందిలే అని చూస్తే ఖాళీ. డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ ఇంకో వెర్షన్ కావడంతో ఆ జాబ్ ఫెయిల్ అవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిల్స్ కూడా రిజెక్ట్ అయిపోయాయి. వేరే పని కోసం దాదాపు 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు.

ఇప్పుడు ఏజెంట్ దగ్గరికి వద్దాం. ఏజెంట్‌లకి టూల్స్ అందించడానికి ఎక్కువగా వాడే పద్ధతి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. ఆంత్రోపిక్ దీన్ని 2024 నవంబర్‌లో విడుదల చేసింది. ఇందులో టూల్ గురించి మోడల్‌కి అందేది ముఖ్యంగా మూడే: పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ల వివరం. మన కోడ్ దానికి కనపడదు. జూనియర్ అయితే "అన్నా, ఇదేంటి?" అని వచ్చి అడుగుతాడు. ఏజెంట్ చాలాసార్లు అడగదు, ఊహించుకుని ముందుకెళ్లిపోతుంది. నా డిస్క్రిప్షన్ ఒకటే లైన్: "జాబ్ హిస్టరీ ఇస్తుంది." ఊహించుకోక ఏం చేస్తుంది పాపం!

అందుకే అలాంటి టూల్‌కి డిస్క్రిప్షన్ రాసేటప్పుడు ఈ నాలుగూ చెప్పాలి.

ఒకటి, ఖాళీ లిస్ట్‌కి అర్థం. "రికార్డ్ లేదంటే జాబ్ నడవలేదని కావచ్చు, సక్సెస్ అనుకోవద్దు" అని విడమరిచి రాయాలి.

రెండు, టైమ్ జోన్. చాలా సర్వర్లు యూటీసీలో ఉంటాయి. మనకి మంగళవారం తెల్లవారుజామున 2 గంటలంటే అక్కడ సోమవారం రాత్రి 8:30. ఇది చెప్పకపోతే ఏజెంట్ తప్పు రోజు రికార్డ్ చూస్తుంది.

మూడు, హిస్టరీ ఎంత వెనక్కి ఉంటుందో. ఉదాహరణకి కుబర్నెటీస్‌లో క్రాన్‌జాబ్ సెట్టింగ్ మార్చకపోతే, సక్సెస్ అయినవి 3, ఫెయిల్ అయినవి 1 మాత్రమే ఉంచుతుంది. "నెలలో ఎన్నిసార్లు ఫెయిల్ అయింది?" అని అడిగితే "ఒక్కసారే" అనడం ఖాయం.

నాలుగు, సక్సెస్ అంటే ఏంటో. ఎగ్జిట్ కోడ్ 0 వస్తే సక్సెస్ అంటాం. కానీ బ్యాష్‌లో పైప్ వాడితే మామూలుగా చివరి కమాండ్ కోడే లెక్క. డంప్ ఫెయిల్ అయినా, దాని పక్కనున్న జీజిప్ హాయిగా 0 ఇచ్చేస్తుంది. స్క్రిప్ట్‌లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టుకోవాలి, ఫైల్ సైజ్‌ని కూడా రికార్డ్‌లో చేర్చాలి.

ఇదంతా డిస్క్రిప్షన్‌లో రాశాక కోడ్‌లో కూడా ఒక మార్పు చేశాను. ఇప్పుడు టూల్ జరిగిన రన్‌లతో పాటు, షెడ్యూల్ ప్రకారం ఎన్ని జరగాలో కూడా చెప్తుంది. అదే ప్రశ్న మళ్లీ అడిగాను. ఈసారి "7 రన్‌లు జరగాలి, 3 మాత్రమే జరిగాయి. మిగతా 4 రోజులకి రికార్డ్ లేదు, మెషీన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి" అంది.

మోడల్ మారలేదు. మారింది ఒక పది లైన్ల డిస్క్రిప్షన్, ఒక నంబర్. డాక్యుమెంటేషన్ అంటే సబ్మిషన్ ముందురోజు రాత్రి చేసే పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు కోడ్ కంటే ముందు అదే రాస్తున్నా.