గుర్రం కాలికి తొడుగు

గుర్రం ముందుకాలికి మోకాలి కింద కండ అనేదే లేదు. ఒక ఎముక, దాని వెనకగా తాళ్లలా దిగే టెండన్లు (కండను ఎముకకు కలిపే నారలు), పైన పల్చటి చర్మం, అంతే. మనం మోకాలు అని పిలిచేది కూడా నిజానికి మోకాలు కాదు, మన మణికట్టుకు సమానమైన కీలు. దాని కింద కనిపించే పొడవాటి ఎముక మన అరచేతిలో మధ్యవేలికి ఆధారమైన ఎముక. డెక్క ఆ వేలి గోరు. అయిదు వందల కిలోల జంతువు నాలుగు మధ్యవేళ్ల కొసల మీద నిలబడి పరుగెత్తుతోందన్న మాట. బరువైన కండలన్నీ భుజం దగ్గర, తొడ దగ్గర ఉండిపోయాయి. కాలి చివర తేలికగా ఉంటే దాన్ని ముందుకూ వెనక్కూ ఊపడానికి తక్కువ శక్తి చాలు. గుర్రానికి వేగం అలా వచ్చింది. అదే అమరిక వల్ల ఆ భాగానికి ఏదైనా తగిలితే దెబ్బను మింగడానికి కండ గానీ కొవ్వు గానీ అడ్డు లేవు.

ఆ లోటు పూడ్చడానికి మనిషి చేసిన తొడుగునే ఇప్పుడు బూటు అంటున్నాం. హైదరాబాద్ శివార్లలో కీసర, శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల స్వారీ నేర్చుకునే పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు. కొందరు అడ్డంకులు దూకే పోటీల దాకా వెళ్తున్నారు. జీను గురించి, హెల్మెట్ గురించి తల్లిదండ్రులు ఎంతో ఆరా తీస్తారు. గుర్రం కాలి తొడుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఖరీదైనదీ దళసరిగా ఉన్నదీ మంచిదనుకుంటారు. ఆ వస్తువు ఎలా పుట్టి ఎలా పెరిగిందో తెలిస్తే అలా అనుకోవడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫోన్ గుర్రపు స్వారీ మీద ఒక గ్రంథం రాశాడు. గుర్రం కొనేటప్పుడు ముందుగా పాదాలు చూడమన్నాడు. ఇంటికి పునాది ఎలాంటిదో గుర్రానికి పాదం అలాంటిదన్నాడు. యుద్ధంలో గుర్రం తలకు, ఛాతీకి, తొడలకు కవచం ఉండాలనీ చెప్పాడు. కాలి కింది భాగానికి మాత్రం కవచం చెప్పలేదు. మధ్యయుగాల యూరపులో గుర్రాన్ని మెడ నుంచి పిరుదుల దాకా ఉక్కుతో కప్పిన రోజుల్లో కూడా కాళ్లను దాదాపు ఎప్పుడూ వదిలేశారు. వాళ్లకు తెలియక కాదు. కాలి చివర కట్టిన బరువును ప్రతి అడుగులో ఎత్తాలి, ఊపాలి, ఆపాలి. వీపు మీద మోసే బరువు కంటే అది చాలా ఎక్కువ అలసట తెస్తుంది. ఈ చిక్కు ఈనాటి బూటుకూ ఉంది.

కాలి తొడుగు నిజంగా అవసరమైంది 19వ శతాబ్దంలో, గుర్రాన్ని వేగం కోసం పందేలలో పెట్టినప్పుడు. అమెరికాలో తేలికపాటి బండికి కట్టి పరుగెత్తించే గుర్రాలు వేగం హెచ్చే కొద్దీ తమ కాళ్లను తామే కొట్టుకునేవి. తోలు, ఉన్ని, ఫెల్టు కలిపి కుట్టిన తొడుగులు వాటి కోసం పుట్టాయి. ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో కంటికి ఆనే అవకాశం లేదు. 1878లో ఎడ్వర్డ్ మయ్‌బ్రిడ్జ్ కాలిఫోర్నియాలో కెమెరాల వరుస పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాక లోకం విస్తుపోయింది. గుర్రం నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం ఒకటి ఉంది. అప్పుడు కాళ్లు చిత్రకారులు గీసినట్టు ముందుకూ వెనక్కూ చాచి లేవు, కడుపు కిందికి ముడుచుకుని ఉన్నాయి. వెనక డెక్కలు, ముందు డెక్కలు ఒకదానికొకటి అంత దగ్గరగా వస్తాయి. ముందుకాలు లేవడం కాస్త ఆలస్యమైతే వెనక కాలి లాడం అంచు వచ్చి ముందుకాలి టెండన్‌ను కోస్తుంది. చర్మం కిందే ఉన్న ఆ టెండన్ తెగితే గుర్రం పోటీ జీవితం ముగిసినట్టే.

మన దగ్గర ఆ రోజుల్లో గుర్రం అంటే పందెం, పోలో, సైన్యం. నిజాముల కాలంలో గుర్రప్పందేలు మొదట మౌలాలిలో జరిగేవి. ఇప్పుడు మనం ఈసీఐఎల్ మీదుగా కీసర వెళ్లే దారికి దగ్గరే అది. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో పందేలు మలక్‌పేటకు మారాయి. పోలోలో గోల్కొండ జట్టుకు దేశమంతా పేరుండేది. 1896లో బెంగళూరు నుంచి వచ్చిన ఒక బ్రిటిష్ అశ్విక దళం గోల్కొండ కప్పు గెలుచుకుపోయింది. ఆ జట్టులో విన్‌స్టన్ చర్చిల్ అనే కుర్ర అధికారి ఉన్నాడు. పోలోలో కర్ర, బంతి, పక్క గుర్రం డెక్క, అన్నీ కాళ్ల మీదికే వస్తాయి. అందుకే పోలో గుర్రానికి నాలుగు కాళ్లకూ పట్టీలు చుట్టడం ఆటలో భాగమైంది.

పట్టీ చుట్టడం గుర్రాన్ని చూసుకునే మంచి సాయీసు చేతి విద్య. ఎక్కడా ముడత పడకూడదు, బిగువు ఒకే తీరున ఉండాలి. ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే అక్కడ రక్తం ఆడదు, టెండన్ వాస్తుంది. వదులైతే పరుగు మధ్యలో జారి కాళ్లకు చుట్టుకుంటుంది, గుర్రంతో పాటు రౌతూ పడతాడు. తోలు బూటుకు ఆ భయం లేదు గానీ, చెమటకు తడిసి ఎండకు ఎండి గట్టిపడి చర్మాన్ని ఒరిపిస్తుంది.

20వ శతాబ్దం ఆ తోలు తొడుగును పూర్తిగా మార్చేసింది. ఆ మార్పు గుర్రాల కోసం జరిగింది కాదు. 1930లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలలో కృత్రిమ రబ్బరు నియోప్రీన్ తయారైంది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ పాలీయురేథేన్‌కు దారి వేశాడు. 1941లో స్విట్జర్లాండు ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ షికారు నుంచి వచ్చి, తన కుక్క బొచ్చుకు అంటుకున్న కాయలను సూక్ష్మదర్శిని కింద చూశాడు. ముళ్ల కొసలు కొక్కేల్లా వంగి ఉన్నాయి. కీసర పొలాల గట్ల మీద నడిచినవాళ్లకు ఆ కొక్కేలు పరిచయమే, మన మరులమాతంగి కాయ బట్టను పట్టుకునేదీ అలాగే. ఆ పట్టును నైలాన్‌తో తెచ్చి ఆయన 1955లో పేటెంటు తీసుకున్నాడు. అదే వెల్క్రో. బకిల్స్ పోయాయి. పైన గట్టి పాలీయురేథేన్ చిప్ప, లోపల మెత్తటి నియోప్రీన్, పక్కన వెల్క్రో పట్టీలు. ఈనాటి బూటు స్వరూపం అది.

అది నిజంగా మంచి వస్తువు. డెక్క అంచు తగిలినప్పుడు గట్టి చిప్ప ఆ దెబ్బను వెడల్పుగా పరుస్తుంది, లోపలి మెత్తన మిగతాది మింగుతుంది. అయితే అక్కడితో ఆగకుండా, బూటు టెండన్‌కు ఆసరా ఇస్తుందన్న నమ్మకం కూడా పుట్టింది. ఇది నేను ఒప్పుకోని మాట. అడ్డు దాటి దిగేటప్పుడు ఒక్క ముందుకాలి మీద గుర్రం ఒంటి బరువును మించిన భారం పడుతుంది. ఫెట్‌లాక్ కీలు, అంటే డెక్కకు పైనున్న గుండ్రటి కీలు, దాదాపు నేలకు దిగుతుంది. అంత బరువుకు అలా దిగడమే దాని పని. చుట్టూ వేసిన మెత్తటి రబ్బరు ఆ దిగడాన్ని ఆపలేదు. ఆపేంత గట్టిగా కడితే కాలే చెడుతుంది.

అసలు ప్రమాదం వేడి. దౌడులో టెండన్ రబ్బరులా సాగి మళ్లీ ముడుచుకుంటుంది. దాచుకున్న శక్తిలో చాలా భాగం తిరిగి ఇస్తుంది, కొద్దిపాటి మాత్రం వేడిగా మిగిలిపోతుంది. టెండన్‌లో రక్తప్రసరణ తక్కువ కాబట్టి ఆ వేడి త్వరగా పోదు. 1994లో ఆలన్ విల్సన్, ఆలన్ గుడ్‌షిప్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు దౌడు తీసే గుర్రాల టెండన్ నడిమధ్య ఉష్ణోగ్రతను కొలిచారు. అది 45 డిగ్రీల సెల్సియస్‌ దాకా వెళ్లింది. అక్కడి కణాలు కాసేపు ఆ వేడిని ఓర్చుకుంటాయి గానీ, రోజూ అదే పని అయితే టెండన్ లోపలి నుంచి బలహీనపడుతుందని వాళ్ల అనుమానం. పరుగెత్తే గుర్రం కాలికి గాలి తగలడమే దాని సహజమైన చల్లదనం. నియోప్రీన్ లోపల మూసిన బుడగల్లో గాలి నిలిచిపోయి ఉంటుంది. సముద్రంలో దిగేవాళ్లు చలి తగలకుండా వేసుకునే దుస్తులు దాంతోనే చేస్తారు. చలికి మేలు చేసే ఆ గుణమే మే నెలలో మన వైపు నలభై డిగ్రీల ఎండలో గుర్రం కాలికి కీడు చేస్తుంది. బూట్లకు ఈమధ్య చిల్లులు, గాలి దారులు పెడుతున్నది ఈ కారణంగానే.

కాబట్టి ఎంపిక ఆట నుంచి మొదలవ్వాలి. మైదానంలో అడ్డంకులు దూకే షో జంపింగ్‌లో ముందుకాలికి ముందువైపు తెరిచి ఉన్న టెండన్ బూటు వాడతారు. వెనక నుంచి వచ్చే డెక్క దెబ్బకు రక్షణ ఉంటుంది, ముందు దుంగ తగిలితే గుర్రానికి తెలుస్తుంది, తర్వాతి అడ్డుకు కాలు ఎత్తుతుంది. వెనక కాళ్లకు ఫెట్‌లాక్ లోపలి వైపు కప్పే పొట్టి బూటు చాలు. ఊరి బయట కదలని దుంగల మీద, నీటి గుంటల మీద దూకే క్రాస్‌కంట్రీకి చుట్టూ రక్షణ కావాలి, అది నీరు పీల్చకూడదు. లోపల ఉన్ని ఉన్న అందమైన బూటు ఒక్క గుంట దాటితే తడిసి బరువెక్కుతుంది. దూకడాలు లేకుండా గుర్రం నడకల తీరును చూసే డ్రెస్సాజ్ పోటీలో తొడుగే నిషేధం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 41 ఏళ్ల తర్వాత మన దేశానికి గుర్రపు స్వారీలో స్వర్ణం తెచ్చిన డ్రెస్సాజ్ జట్టు గుర్రాలు ఉత్త కాళ్లతోనే పోటీ పడ్డాయి. 2018లో జకార్తాలో ఈవెంటింగ్ రజతం గెలిచిన ఫవాద్ మీర్జా గుర్రం సెన్యోర్ మెడికాట్ మాత్రం డ్రెస్సాజ్, క్రాస్‌కంట్రీ, జంపింగ్ అనే మూడు దశల పోటీ దాటాల్సి వచ్చింది. డ్రెస్సాజ్‌కు ఏమీ లేకుండా, క్రాస్‌కంట్రీకి తొడుగుతో. ఒకే గుర్రం, ఆటను బట్టి కాళ్ల సింగారం వేరు.

జంపింగ్‌లోనూ బూట్ల మీద ఆంక్షలున్నాయి, అవి ఊరికే రాలేదు. వెనక కాళ్లకు బరువైన, మరీ బిగువైన బూట్లు కడితే కొన్ని గుర్రాలు ఆ ఇబ్బందికి కాళ్లు అసహజంగా పైకి విసురుతాయి, దుంగ పడదు, మార్కులు పోవు. రక్షణ కోసం పుట్టిన వస్తువును హింసకు వాడటం ఇది. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య 2019 నుంచి దశలవారీగా వెనక బూట్ల మీద ఆంక్షలు తెచ్చి 2021 నాటికి అన్ని అంతర్జాతీయ జంపింగ్ పోటీలకూ వర్తింపజేసింది. లోపలి పొడవు 16 సెంటీమీటర్లు మించకూడదు. లాడం కాక ఒక్కో కాలికి కట్టే సామానంతా కలిపి 500 గ్రాములు దాటకూడదు. 2008 ఒలింపిక్స్‌లో గుర్రం ఒంట్లో మిరపకాయ ఘాటుకు మూలమైన కాప్సైసిన్ దొరికినందుకు నార్వే జట్టు జంపింగ్ కాంస్యం పోగొట్టుకుంది. చర్మానికి రాస్తే మంట పుట్టించి కాలిని సున్నితం చేసే మందది. ఇలాంటి మోసాలు పట్టడానికే అధికారులు బూట్లు విప్పించి కాళ్లు తడిమి చూస్తారు.

తొడగడంలోనూ పద్ధతుంది. ముందు కాలిని తుడవాలి. మన ఎర్రమట్టిలో గరుకు ఇసుక రేణువులుంటాయి, ఒక్కటి లోపల మిగిలినా గంటసేపటికి పుండు చేస్తుంది. బూటును ఉండాల్సిన చోటుకు కొంచెం పైన పెట్టి కిందికి జరపాలి, వెంట్రుకలు దిగిన వైపే ఒదిగి ఉంటాయి. పట్టీల కొసలు బయటి వైపున, వెనక్కి తిరిగి ఉండాలి. లోపలి వైపుంటే రెండో కాలు తగిలి ఊడతాయి. బూటుకీ కాలికీ మధ్య ఒక వేలు దూరితే బిగువు సరిపోయింది. నాలుగు కాళ్లకూ ఒకే రకం బూట్లయితే ముందుకాలిది పొట్టి, వెనకది పొడవు. ఎడమ కుడి తేడా ఉంది. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు.

గుర్రం తన కాళ్లను తగిలించుకోకుండా మామూలుగా నడుస్తుంటే, చదునైన మైదానంలో నడక నేర్పుతున్నంతసేపూ అసలు బూటు అక్కర్లేదు. కావలసిన దెబ్బను ఆపగలిగిన వాటిలో అన్నిటికంటే తేలికైనదీ గాలి ఆడేదీ మంచి బూటు. ఎక్కువ డబ్బు పోసి కొన్నది ఎక్కువ రక్షణ ఇస్తుందని లేదు.

పిల్లలను స్వారీకి పంపే తల్లిదండ్రులకు ఒక్క మనవి. పాఠం అవగానే సెల్ఫీల కంటే ముందు బూట్లు విప్పించండి. పిల్లలు అరచేత్తో ఆ కాలిని పై నుంచి కింది దాకా తడమాలి. ఎక్కడ వెచ్చగా ఉందో, ఎక్కడ వాపుందో, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటో వాళ్లకే తెలుస్తుంది. తర్వాత చన్నీళ్లు ధారగా పట్టమనండి, పది నిమిషాలైనా. ఇవన్నీ సాయీసు పని అనుకోకుండా గుర్రమెక్కిన పిల్లలే చేయాలి.