తుంటి ఆపరేషన్ తర్వాత పొలం పనికి ఎప్పుడు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి?

ఈసారి పురుగుల గురించో తెగుళ్ళ గురించో కాదు, మీ తుంటి గురించి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి దాదాపు ముప్పై ఏళ్ళుగా గట్ల మీద తిరుగుతున్న విస్తరణాధికారిని. మందులు, వ్యాయామాలు మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే చేయాలి. అయితే ఆస్పత్రిలో చాలాసార్లు "బరువు పనులు చేయొద్దు" అని ఒక్క మాట చెప్పి పంపేస్తారు. దమ్ము చేసిన మడిలో దిగడం బరువు పనా, తేలిక పనా? గేదె పాలు పితకడం? మందు ట్యాంకు? ఆ లెక్క మనమే వేసుకోవాలి.

మూడేళ్ళ క్రితం నాకూ కుడి తుంటి కీలు మార్చారు. ఆరో వారానికి నొప్పి లేదు. కర్ర పక్కన పడేశాను. ఏడో వారంలో నాట్లు చూడటానికి వెళ్ళి, రెండడుగుల బోదెను ఎప్పటిలాగే ఒక్క అంగలో దాటబోయాను. అవతలి గట్టు జారింది, కీలు తప్పింది. మత్తిచ్చి మళ్ళీ సరిచేశారు. ఇంకో రెండు నెలలు ఇంట్లోనే. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేవాడివి నీకెందుకు తెలియలేదని మా ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు.

అప్పుడు తెలిసింది, ప్రమాదం మొదటి రెండు వారాల్లోనే కాదని. అప్పుడు నొప్పే మనల్ని కదలనివ్వదు. నొప్పి పోయిన ఆరు, ఏడు వారాలప్పుడు కూడా ప్రమాదం ఉంటుంది. పైన కుట్లు మానిపోతాయి కానీ లోపల కీలు చుట్టూ కోసిన కండరాలు, పొరలు గట్టిపడటానికి మూడు నెలలైనా పడుతుంది. సరిగ్గా అప్పుడే నారు ముదురుతుంటుంది, కూలీలు దొరకరు, మనసు ఆగదు.

మీకు జరిగింది ఏ ఆపరేషన్?

ఇది ముందు తెలుసుకోండి. కీలు అరిగిపోయినా, తుంటి బంతికి రక్తం అందక దెబ్బతిన్నా కీలు మారుస్తారు. రక్తం అందని జబ్బు నలభై ఏళ్ళ వాళ్ళలోనూ చూస్తున్నాం. మద్యం ఎక్కువగా తాగడం, స్టెరాయిడ్ మందులు ఎక్కువ కాలం వాడటం దానికి ముఖ్య కారణాల్లో రెండు. కీలు మార్చినవాళ్ళను సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే నడిపిస్తారు. వాళ్ళకు భయమల్లా కీలు తప్పడం, పడిపోవడం.

జారిపడి ఎముక విరిగితే రాడ్డో, ప్లేటో, స్క్రూలో వేస్తారు. అక్కడ లెక్క వేరు. ఎముక అతుక్కోవాలి. ఆ కాలి మీద ఎంత బరువు మోపాలో, ఎప్పటినుంచి మోపాలో ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పాలి. పక్కింటాయన నెలన్నరకే బండి నడిపాడని మీరు నడపకూడదు. ఆయనది ఏ ఆపరేషనో మీకు తెలియదు.

తేదీ పంటను చూసి పెట్టుకోండి

ఎముక విరిగితే ఆగకూడదు, వెంటనే చేయించాలి. అరిగిన కీలైతే తేదీ చాలావరకు మన చేతిలో ఉంటుంది. యాసంగి వరి, అంటే కోస్తాలో దాళ్వా, కోత ఏప్రిల్‌లో అయ్యాక చేయించుకుంటే జూన్‌లో నారు పోసే నాటికి రెండు నెలలవుతుంది, జులై చివర నాట్లకు మూడు నెలలు నిండుతాయి. పత్తి రైతులు ఏరడం అయిపోయాక ఫిబ్రవరిలో పెట్టుకోవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య పథకం మీ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో చేరకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

మూడు నెలలు నిండినా ఆ సీజన్‌లో బురదలో దిగొద్దనే నేను చెబుతాను. బురదలో దిగబడిన కాలును పైకి లాగేటప్పుడు పాదం అక్కడే ఉంటుంది, తుంటి మెలితిరుగుతుంది. కొత్త కీలుకు పడనిది అదే. గమ్ బూట్లు వేసుకుంటే ఇంకా దిగబడతాయి.

అందుకే ఆ ఒక్క సీజన్‌కు పంటనే తుంటికి తగ్గట్టు మార్చుకోండి. మీ నేల, నీరు అనుకూలమైతే నాట్లు మానేసి పొడి దుక్కిలో ట్రాక్టరు గొర్రుతో వరి విత్తించండి. కలుపు మందు మాత్రం సమయానికి కొట్టించాలి. లేకపోతే ఆ కలుపు తీయడానికి మళ్ళీ మీరే వంగాలి. డ్రమ్ సీడర్ మంచి పరికరమే, నేనే ఎన్నో పొలాల్లో వేయించాను, కానీ దాన్ని బురదలో మనిషి లాగాలి. ఈ ఏడు మీకది వద్దు. మెట్ట భూమి ఉంటే కంది నయం. మిరప, టమాట పెట్టుకుంటే వంగి కోసే పని తెగదు. పందిరి ముందే ఉన్నవాళ్ళు బీర, కాకర వేసుకుంటే నిలబడే కోసుకోవచ్చు.

కూలికి డబ్బెక్కడిదని అడుగుతారు. నిజమే, రెండెకరాల రైతుకు అది చిన్న ఖర్చు కాదు. అయితే కీలు తప్పితే ఆస్పత్రి ఖర్చుతో పాటు ఆ కూలి ఖర్చూ తప్పదు. వీలైతే బదులు పని మాట్లాడుకోండి. ఈ ఏడు వాళ్ళు మీ పొలంలో, వచ్చే ఏడు మీ ఇంట్లోవాళ్ళు వాళ్ళ పొలంలో.

కూర్చోవడం, వంగడం, మోయడం

మోకాళ్ళు తుంటి కన్నా పైకి వచ్చేలా ఎక్కడా కూర్చోకూడదు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం, కాలు మీద కాలు వేసుకోవడం డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు. చాలామంది మరిచిపోయేది నులక మంచం. వదులైన నులకలో నడుము కిందికి దిగి మోకాళ్ళు పైకి లేస్తాయి. పొలం దగ్గరికి ఎత్తయిన కుర్చీ ఒకటి పంపించుకోండి. కింద పడిన కొడవలిని వంగి తీయకండి, పిల్లల్ని పిలవండి. పార పట్టే రోజు వచ్చాక దానికి పొడవాటి కర్ర వేయించుకోండి. మట్టి పక్కకు వేసేటప్పుడు నడుము తిప్పకండి, అడుగులు తీసి ఒళ్ళంతా తిరగండి.

చేతికర్ర ఆపరేషన్ అయిన వైపు పట్టుకోవడం మనందరి అలవాటు. అది తప్పు. కుడి తుంటికి ఆపరేషన్ అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. బకెట్ మాత్రం దీనికి రివర్సు, మోయక తప్పకపోతే ఆపరేషన్ అయిన వైపు చేత్తో మోయాలి. అలా చేస్తే ఆ తుంటి కండరాల మీద లాగుడు తగ్గుతుంది. గట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. బోదెల మీద వెడల్పాటి చెక్క వేయించండి. నాకు ఆ చెక్క ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు. ఇవి భుజానికెత్తుకునే రోజులు అయిపోయాయనుకోండి. పది కిలోల చొప్పున తీసి, చక్రాల బండి మీద తీసుకెళ్ళండి. 16 లీటర్ల స్ప్రేయర్ నిండితే ట్యాంకుతో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. బ్యాటరీదైనా బరువు బరువే. మందు కొట్టడం ఆ ఏడంతా వేరేవాళ్ళకు అప్పగించండి. బైకు, ట్రాక్టరు డాక్టరు సరేనన్నాకే. కిక్ కొట్టే బండి అసలొద్దు.

మూడు నెలలు దాటి, డాక్టరు ఒప్పుకున్నాక పొడి నేలలో రోజుకు అరగంటతో మొదలుపెట్టండి. మర్నాడు పొద్దున లేచేసరికి నొప్పి పెరగకపోతే ఇంకో పావుగంట కలపండి. పెరిగితే సగానికి తగ్గించండి. నొప్పి తెలియకుండా బిళ్ళ వేసుకుని పనికి వెళ్తే ఈ లెక్క తప్పుతుంది. ఎండలో చెమట పోసేటప్పుడు నొప్పి బిళ్ళలు కిడ్నీలకూ చేటు.

ఆడవాళ్ళ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. నేను చూసినంతలో మగవాళ్ళకు ఆపరేషన్ అయితే మూడు నెలల విశ్రాంతి, ఆడవాళ్ళకైతే మూడు వారాలు. పొలానికి పంపడం లేదు కదా అంటారు. కానీ పేడ తీయడం, పాలు పితకడం, కత్తిపీట ముందు కూర్చోవడం, ఇవన్నీ వంగే పనులే. గేదె తన్నితే పక్కకు తప్పుకోలేరు కూడా. ఇంట్లో మగవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఉన్నట్టుండి తుంటిలో భరించలేని నొప్పి వచ్చి, కాలు పొట్టిగా అయి లోపలికో బయటికో తిరిగిపోతే కీలు తప్పిందో, ఎముక విరిగిందో అన్నట్టే. ఎవరినీ లాగనివ్వకండి, నాటు కట్టు వేయించకండి. కదిలించకుండా 108లో తీసుకెళ్ళాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరం, గాయం దగ్గర ఎరుపు, చీము ఉన్నా అంతే.

కీలు మార్చుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఇంకొకటి చూసుకోవాలి. కాలిలో దిగిన ముల్లు, మడమ పగుళ్ళు, గోటిచుట్టు చీము పడితే ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్త కీలుకు చేరవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ భయం ఎక్కువ. చెప్పులు లేకుండా పొలంలో తిరగకండి. రాత్రి కాళ్ళు కడుక్కున్నాక అరికాళ్ళు చూపించుకోండి, మీరు వంగి చూసుకోలేరు.